నీటిమట్టం దగ్గరే తేలే పనితనం: సరస్సు జెట్టీలు కట్టి, బాగుచేసే ఒక సంస్థపై సమీక్ష

మంచినీటి సరస్సు ఒడ్డున సొంత జెట్టీ ఉన్నవారు దాన్ని కట్టడానికో, బాగుచేయడానికో ఒక సంస్థను ఎంచుకునేటప్పుడు పైపలకల నునుపును, రెయిలింగు తీరును, ఫొటోల్లో కనిపించే మెరుపును చూసి మాట ఇచ్చేస్తుంటారు. మా పాత చెక్క జెట్టీలో లోతువైపు సగాన్ని విప్పి మళ్లీ కట్టి, ఒడ్డువైపు సగాన్ని మరమ్మతు చేసి, ఆ తర్వాత ఏటేటా తనిఖీకి వస్తున్న ఒక సంస్థ గురించి రాస్తున్న ఈ సమీక్షలో అటువంటి అందచందాలకు చోటు తక్కువ. ఆ సంస్థకు నేను మంచి మార్కులే వేస్తాను. అయితే వాటిలో అధిక భాగం నీటిమట్టం దగ్గరా, దానికి దిగువనా వాళ్లు చూపిన శ్రద్ధకే దక్కుతాయి. పైన జరిగినది మామూలు వడ్రంగం. అందులో చెప్పుకోవలసిన లోపాలూ ఉన్నాయి.

ధర చెప్పడానికి ముందు వాళ్లు చేసిన తనిఖీ దగ్గర మొదలుపెట్టాలి. అంతకుముందు వచ్చిన మరో సంస్థ మనిషి ఒడ్డున నిలబడి పలకలు లెక్కపెట్టి, అంచనా కాగితం చేతిలో పెట్టి వెళ్లిపోయాడు. వీళ్లు మాత్రం ఒక గజ ఈతగాణ్ణి వెంటబెట్టుకుని వచ్చారు. అతడు ఒక్కొక్క గుంజను చేత్తో తడుముకుంటూ అడుగు దాకా దిగి, పైకి తేలినప్పుడల్లా ఒకటి రెండు మాటలు చెబుతుంటే, జెట్టీ మీద కూర్చున్న మేస్త్రి వాటిని పటంలో ఆ గుంజ నంబరు పక్కన రాసుకున్నాడు. నీటిమట్టానికి జానెడు పైనుంచి జానెడు కింది వరకు చెక్కను స్క్రూడ్రైవరు మొనతో గుచ్చి చూశారు, సుత్తితో కొట్టి శబ్దం విన్నారు. చివరి వరసలోని ఒక గుంజలో ఆ మొన పిడి దాకా దిగబడింది. అదే గుంజ మరికాస్త దిగువన, ఎప్పుడూ నీటిలో మునిగి ఉండే చోట, గీత కూడా పడనంత గట్టిగా ఉంది.

ఇందులో వింతేమీ లేదు. చెక్కను కుళ్లబెట్టే శిలీంధ్రాలకు తేమతో పాటు గాలి కూడా కావాలి. పూర్తిగా మునిగిన చోట గాలి అందదు. బాగా పైన ఉన్న చోట చెక్క ఎప్పటికప్పుడు ఆరిపోతుంది. అలలు తడుపుతూ, ఎండ ఆరబెడుతూ ఉండే నడిమి భాగంలోనే రెండూ సమృద్ధిగా దొరుకుతాయి కాబట్టి గుంజ అక్కడే పుచ్చుతుంది. సముద్రపు జెట్టీలను నీటి అడుగున తొలిచేసే ఓడపురుగుల బెడద మంచినీటి సరస్సుల్లో ఉండదు. అందుచేత మునిగిన భాగం బాగున్నంతకాలం గుంజను మొత్తంగా పెరికివేయవలసిన పని లేదు. ఈ తేడా తెలిసిన సంస్థ కాబట్టే ఒడ్డువైపు గుంజల్లో కొన్నింటిని పుచ్చిన చోటికి దిగువన కోసి, కొత్త ముక్కను అతికి, అతుకు చుట్టూ ఫైబర్ తొడుగు వేసి, లోపల సిమెంటు గ్రౌటు నింపింది. అన్నీ మార్చాలని చెప్పి ఉంటే వాళ్లకు ఎక్కువ డబ్బు వచ్చేది, మాకు అభ్యంతరం చెప్పే పరిజ్ఞానమూ లేదు. నమ్మకం కుదిరింది అక్కడే.

లోతువైపు సగానికి ఏ రకం జెట్టీ వేయాలన్న చర్చలో కూడా వాళ్లు తమకు తేలికైన పనివైపు మమ్మల్ని లాగలేదు. అడుగున పాతిన గుంజల మీద నిలిచేది, చలికాలానికి ముందు విప్పి ఒడ్డుకు చేర్చుకునే పైపు కాళ్లది, డబ్బాల మీద తేలేది, చెక్క పెట్టెలో రాళ్లు నింపి దాని మీద కట్టేది: ఈ నాలుగింటినీ మా ఒడ్డుకు పెట్టి చూశారు. రాళ్ల పెట్టె అడుగు నేలను ఎక్కువగా ఆక్రమించి, చేపలు గుడ్లు పెట్టే చోటును కప్పేస్తుంది కనుక చాలా చోట్ల కొత్తగా దానికి అనుమతి దొరకడం కష్టమని మొదటే పక్కన పెట్టారు. తేలే జెట్టీ నీటిమట్టంతో పాటు లేచి దిగుతుంది, మట్టం బాగా మారే సరస్సులకు అంతకంటే మేలైనది లేదు. కానీ దాని లెక్క వేరు. రెండడుగుల వెడల్పు, నాలుగడుగుల పొడవు, అడుగు ఎత్తు ఉన్న డబ్బా పూర్తిగా మునిగితే దాదాపు 225 కిలోల నీటిని తొలగిస్తుంది. అందులోంచి డబ్బా బరువు, దాని మీద పడే దూలాల బరువు, పలకల బరువు తీసేయాలి. నడిచేవారి పాదాలు తడవకుండా డబ్బాలో సగమైనా నీటిపైన ఉండాలి. ఇన్ని పోగా ఒక్కో డబ్బా మీద ఒక మనిషి నిలబడగలిగితే గొప్ప. పదిమంది ఒకే మూలకు చేరి ఫొటో దిగే ఇళ్లలో అది ఒరిగి తీరుతుందని మేస్త్రి నవ్వుతూ చెప్పాడు. మా ఇంటి సంగతి అతనికి ఎలా తెలిసిందో!

చివరకు గుంజల జెట్టీయే ఖాయమైంది. ఇక అసలు చిక్కు మంచుది. చలికాలంలో గడ్డకట్టే సరస్సులో జెట్టీని పాడుచేసేది అలల కంటే మంచే. గడ్డకట్టిన నీరు దాదాపు 9 శాతం ఉబ్బుతుందన్నది అందరికీ తెలిసిందే, కానీ జెట్టీకి జరిగే నష్టంలో పెద్ద పాత్ర మంచు పలక తేలే గుణానిది. పలక గుంజను అన్ని వైపులా బిగబట్టుకుంటుంది. ఆ తర్వాత వానకో, కరిగిన మంచుకో సరస్సులోకి నీరు చేరి మట్టం లేస్తే పలకతో పాటు గుంజ కూడా పైకి లాగబడుతుంది. ఘనపు మీటరు మంచు 917 కిలోలు, అంతే నీరు 1000 కిలోలు. అంటే నీట మునిగిన ప్రతి ఘనపు మీటరు మంచూ 83 కిలోల బలంతో పైకి తన్నుతుంది. అడుగు మందం గల పలకలో పది చదరపు మీటర్ల భాగం ఒక గుంజను పట్టుకుందనుకుంటే ఆ లాగుడు 250 కిలోలకు చేరుతుంది. గుంజ కొద్దిగా లేవగానే దాని కింద ఏర్పడిన ఖాళీలోకి మట్టి, ఇసుక జారి నిండుతాయి, వసంతంలో మంచు కరిగినా అది తిరిగి దిగదు. ఇలా ఏటా కాస్త కాస్త లేస్తూ పోబట్టే పాత జెట్టీలు ఒంటె వీపులా వంకరపోతాయి.

దీనికి వాళ్లు చేసినవి రెండు పనులు. మొదటిది, కొత్త గుంజలుగా కింద మరచుట్టు వంటి ఉక్కు రెక్కలున్న స్తంభాలను ఎంచి, యంత్రంతో తిప్పుతూ అడుగు నేలలోకి దింపారు. నేల లోపల ఉన్న ఆ రెక్క మీద మట్టి బరువంతా ఉంటుంది కనుక పైకి లాగే బలాన్ని అది తట్టుకుంటుంది. నీటి ధారను ఒత్తిడితో పంపి, గుంట చేసి, అందులో గుంజ నిలబెట్టే పద్ధతి చౌక. కానీ దానివల్ల చుట్టూ ఉన్న నేల గుల్లబారి పట్టు తగ్గుతుంది, లేచిన బురద చాలా దూరం పాకుతుంది. స్తంభం దిగుతున్నంతసేపూ యంత్రం మీది మీటరు చూపిన తిరుగుడు బలాన్ని అడుగడుగుకూ రాసుకుని, ఆ కాగితాన్ని మాకు ఇచ్చారు. నేల ఎంత గట్టిదో, స్తంభం ఎంత బరువు మోయగలదో అంచనా వేయడానికి ఆ అంకెలే ఆధారం. ఇటువంటి కాగితం ఇవ్వని సంస్థకు మరస్తంభాల పని అప్పగించవద్దని గట్టిగా చెబుతాను. రెండవది, నీటిమట్టం దగ్గర ప్రతి స్తంభానికీ నున్నని ప్లాస్టిక్ తొడుగు వేశారు. మంచు దాన్ని అంత గట్టిగా పట్టుకోలేదు, పలక లేస్తే తొడుగు మీదుగా జారుతుంది. ఆ తర్వాత గడిచిన చలికాలాల్లో మట్టంగొట్టం పెట్టి చూస్తే కొత్తగా కట్టిన సగం ఎక్కడా లేచిన జాడ లేదు. ఒడ్డువైపున అతుకు వేసిన పాత గుంజల్లో మాత్రం ఒకటి కొద్దిగా లేచింది. అలా జరిగే అవకాశం ఉందని తనిఖీ నివేదికలో వాళ్లు ముందే రాసి ఉన్నారు.

మంచు పట్టకుండా నీటిని కదిలించే బుడగల యంత్రాన్ని కూడా అడిగాము. నీరు 4 డిగ్రీల సెల్సియస్ వద్ద అత్యధిక సాంద్రతతో ఉంటుంది కనుక చలికాలంలో ఆ కాస్త వెచ్చని నీరు అడుగున నిలుస్తుంది. బుడగలు దాన్ని పైకి తెచ్చి గుంజల చుట్టూ మంచు గట్టిపడకుండా చేస్తాయి. మా ఒడ్డు దగ్గర లోతు తక్కువ, అడుగున అంత వెచ్చదనం నిల్వ ఉండదు కాబట్టి ఈ యంత్రం కొనడం డబ్బు దండగ అని చెప్పి, అమ్మగలిగిన సరుకును అమ్మకుండా వదిలేశారు. లోతున్న చోట దాన్ని పెట్టుకునేవారు ఉష్ణోగ్రతను బట్టి ఆగి నడిచే ఏర్పాటును, మంచు మీద నడిచే ఇరుగుపొరుగుకు కనిపించేలా హెచ్చరిక బోర్డును తప్పక అడగాలి. యంత్రం చుట్టూ మంచు పలుచబడుతుంది, పైనుంచి చూస్తే ఆ సంగతి తెలియదు.

చెక్క విషయంలో వాళ్ల పని మెచ్చదగినదే, కానీ కొనేవారు కూడా కళ్లు తెరిచి ఉండాలి. రాగి, క్రోమియం, ఆర్సెనిక్ కలిపిన సీసీఏ మందు పట్టించిన చెక్కను అమెరికాలో తయారీదారులు 2003 చివరితో ఇళ్ల వాడకానికి ఆపేశారు. అంతకుముందు కట్టిన చాలా జెట్టీల్లో ఉన్నది ఆ చెక్కే. మా పాత పలకలూ అటువంటివే కావడంతో వాటిని ఒడ్డున కుప్పవేసి తగలబెట్టకుండా, ముక్కలన్నీ లెక్కచూసి తీసుకుపోయారు. ఆ చెక్క కాలిన బూడిదలో ఆర్సెనిక్ మిగులుతుంది. కొత్త చెక్కకు రాగి ఆధారిత మందులు వాడుతున్నారు. ఇక్కడ చూడవలసింది చెక్క చివర కొట్టి ఉండే చిన్న చీటీ. అమెరికన్ వుడ్ ప్రొటెక్షన్ అసోసియేషన్ వర్గీకరణలో నేలకు తగలకుండా గాలికీ వానకూ ఉండే చెక్క యూసీ3బీ. నేలలోనో మంచినీటిలోనో ఉండేది యూసీ4ఏ నుంచి యూసీ4సీ వరకు. అంకె పెరిగేకొద్దీ చెక్కలోకి ఎక్కించే మందు మోతాదు పెరుగుతుంది. నీటికి దగ్గరగా ఉండే దూలాలకు కూడా యూసీ4బీ చీటీ ఉన్న చెక్కే వచ్చింది. రంపంతో కోసిన ప్రతి చివరా మందు ఎక్కని లోపలి చెక్క బయటపడుతుంది. పనివాళ్లు ఆ చివరలకు కాపర్ నాఫ్థెనేట్ అనే రాగి మందును ఆకుపచ్చగా పూసి, ఒడ్డునే ఆరబెట్టిన తర్వాతే పైకెత్తారు. కోత పని మొత్తం నీటిమీద కాకుండా ఒడ్డున పరిచిన టార్పాలిన్ మీద సాగింది, ఎందుకంటే రాగి నీటి జీవాలకు విషం, రంపపు పొట్టు సరస్సులో పడకూడదు.

రాగి మందు చెక్కతో వచ్చే మరో చిక్కు మేకులు, బోల్టులది. ఈ మందులు మామూలు ఇనుమునూ, పలచని జింకు పూతనూ తొందరగా తినేస్తాయి. కరిగిన జింకులో ముంచి తీసినవో, స్టెయిన్‌లెస్ స్టీలువో వాడాలి. అల్యూమినియం నేరుగా ఈ చెక్కకు తగిలితే అదీ తినబడుతుంది కనుక మధ్యలో ప్లాస్టిక్ పట్టీ ఉండాలి. దూలాల బోల్టులన్నీ సరైనవే వేశారు. తీరా నీటిలోకి దిగే నిచ్చెన మెట్లకు మాత్రం పలచని పూత స్క్రూలు వాడారు. అవి తొలి వేసవి పూర్తికాకముందే తుప్పుకారి పలకల మీద గోధుమరంగు మరకలు దించాయి. ఫిర్యాదు చేయగానే మార్చారన్నది నిజమే. ఇంత తెలిసిన సంస్థ పెట్టెలోంచి చేతికందిన స్క్రూ తీసి బిగించడం మాత్రం నాకు రుచించలేదు.

జెట్టీ మీది కరెంటు గురించి కాస్త ఎక్కువ రాయక తప్పదు, ఎందుకంటే మంచినీటి సరస్సుల్లో ఇది ప్రాణాల సంగతి. ఉప్పునీరు మనిషి శరీరం కంటే బాగా కరెంటును ప్రసరింపజేస్తుంది, అందువల్ల లీకైన కరెంటు చాలావరకు మనిషి చుట్టూ పోతుంది. మంచినీరు శరీరం కంటే చాలా తక్కువగా ప్రసరింపజేస్తుంది కాబట్టి ఆ కరెంటుకు ఈతగాడి శరీరమే తేలిక దారి అవుతుంది. పది, పదిహేను మిల్లీఆంపియర్లు చాలు, కండరాలు మాట వినవు. మనిషి కేక కూడా వేయకుండా మునిగిపోతాడు, చూసేవారు మామూలుగా మునిగాడనే అనుకుంటారు. పాత జెట్టీలో దీపానికీ, పడవను ఎత్తే యంత్రానికీ వేసిన తీగ ఎండకు పగిలి, ఒకచోట ఇనుప బ్రాకెట్టుకు రాసుకుంటూ ఉంది. దాన్ని చూసిన వెంటనే మేస్త్రి ఒడ్డున మెయిన్ ఆపించి, అది బాగుపడే వరకు ఈతగాణ్ణి మళ్లీ నీటిలోకి పంపనన్నాడు. తీగల పని తాము చేయమని, లైసెన్సున్న ఎలక్ట్రీషియన్‌ను పెట్టుకోవలసిందేనని పట్టుబట్టి, అతడు వచ్చి ఒడ్డున 30 మిల్లీఆంపియర్ల లీకేజీకే తెగిపోయే బ్రేకరు పెట్టి, లోహపు భాగాలన్నింటినీ కలిపి భూమికి కనెక్షను ఇచ్చిన తర్వాతే పలకలు బిగించారు. ఇన్ని చేసినా కరెంటు ఉన్న జెట్టీ పక్కన ఈత కొట్టవద్దని రాతపూర్వకంగా చెప్పారు. అప్పట్లో పిల్లలు అలిగారు, ఇప్పుడు ఈతకు ఒడ్డున మరో మూల అలవాటైంది.

అనుమతుల కాగితాల పని వాళ్లే చూశారు. ఒడ్డు మనదైనా అడుగు నేల చాలా చోట్ల ప్రభుత్వానిదో, అందరిదో అయి ఉంటుంది. జెట్టీ ఎంత వెడల్పు, ఎంత దూరం వేయవచ్చో, చేపలు గుడ్లు పెట్టే కాలంలో పని చేయవచ్చో లేదో స్థానిక నిబంధన నిర్ణయిస్తుంది. పాత జెట్టీని ఉన్న కొలతల్లో బాగుచేయడానికి ఒక నియమం, కాస్త పెంచినా మరో నియమం ఉండవచ్చు. ఈ సంగతి ముందే చెప్పినందువల్ల కొసన వెడల్పాటి వేదిక వేయించుకోవాలన్న ఆలోచన విరమించుకున్నాము.

మరో సరస్సులో వాడిన పంటును (యంత్రాన్నీ సామానునూ మోసే చదునైన పడవను), తాళ్లను, గొలుసులను మా నీటిలోకి దించేముందు కడిగి ఆరబెట్టారా అని అడిగితే, ఆ తేదీలున్న పుస్తకాన్ని చూపించారు. జీబ్రా మస్సెల్ అనే చిన్న ఆల్చిప్పను ఉత్తర అమెరికాలో 1988లో సెయింట్ క్లెయిర్ సరస్సులో గుర్తించారు. అక్కడి నుంచి అది పడవలకూ, సామానుకూ అంటుకుని ఎన్నో సరస్సులకు పాకింది. అమెరికాలోని మినసోటా రాష్ట్రంలో ఒక సరస్సు నుంచి తీసిన జెట్టీని, పడవ ఎత్తే యంత్రాన్ని మరో సరస్సులో దించడానికి ముందు కనీసం 21 రోజులు ఆరబెట్టాలని చట్టమే ఉంది. పాత తేలే జెట్టీలను చౌకగా కొని తెచ్చుకునేవారు ఈ ఒక్క సంగతైనా అడిగి తీరాలి.

ఇక లోపాలు. పని ఒప్పుకున్న గడువుకు బాగా ఆలస్యంగా పూర్తయింది. గాలికి పంటు నిలవడం లేదన్న కారణం కొన్నిసార్లు నిజం, కొన్నిసార్లు వాళ్లు వేరేచోట పని పెట్టుకున్నారన్నది నిజం. ఫోను చేస్తే మేస్త్రి ఎత్తుతాడు, ఆఫీసు ఎత్తదు. పలకల మధ్య సందులు ఒక్కోచోట ఒక్కోలా ఉన్నాయి. తడి చెక్కను ఒత్తుగా బిగిస్తే ఆరాక సందులు వాటంతటవే వస్తాయన్నది సరైన పద్ధతే గానీ, సగం ఆరిన పలకలనూ పచ్చి పలకలనూ కలిపి బిగించడంతో కొన్ని చోట్ల చెప్పు మడమ ఇరుక్కునేంత సందు పడింది, కొన్ని చోట్ల నీరు నిలుస్తోంది. నిచ్చెన ఒక మెట్టు పొట్టి. వేసవి చివర మట్టం తగ్గినప్పుడు నీటిలోంచి ఎక్కేందుకు పెద్దవాళ్లకు చేయి అందించాల్సి వస్తోంది.

ఏడాది తనిఖీ ఒప్పందాన్ని తీసుకునేవారు అందులోని మినహాయింపులను చదువుకోవాలి. బోల్టులు బిగించడం, తొడుగులు చూడడం, గుంజలు గుచ్చి పరీక్షించడం, మట్టం కొలవడం అందులో ఉన్నాయి. మంచు వల్ల జరిగిన నష్టం లేదు. మంచు పట్టే సరస్సులో మంచు నష్టం లేని ఒప్పందం ఎందుకని అడిగితే, మరస్తంభాల భాగానికి మాత్రం కొంతకాలం హామీ ఇస్తామని విడిగా రాసిచ్చారు. అడగనివారికి ఆ కాగితం రాదు. ఏటా వచ్చే నివేదిక బాగుంటుంది: ప్రతి గుంజకూ నిరుటి కొలత పక్కన ఈ ఏటి కొలత, మార్చవలసినవాటి పక్కన ఎర్ర చుక్క ఉంటాయి. ఈసారి చుక్క పడినది ఆ లేచిన గుంజకు; దాన్నీ మరస్తంభంగా మార్చడానికి అంచనా అడిగాము.

పాత జెట్టీ బాగుచేయించుకోవాలనుకునేవారికి, మంచు పట్టే సరస్సులో గుంజల జెట్టీ కావాలనుకునేవారికి ఇటువంటి పనితనమున్న సంస్థ ఆలస్యమైనా దొరికే వరకు ఆగమని చెబుతాను. అల్యూమినియం ముక్కలు బిగించుకునే తేలికపాటి విప్పుడు జెట్టీ చాలనుకునేవారికి ఈ గజ ఈతగాడు, ఈ పంటు, ఈ కొలతల కాగితం ఏవీ అక్కరలేదు. ఆ పనిని ఇంట్లో ఇద్దరు మనుషులు రెంచీలు పట్టుకుని చేసుకోగలరు, కరెంటు తీగ ఒక్కటి తప్ప.